కొత్త నిబంధనలో యేసు దైవత్వం: అధ్యయనం ఎక్కడ మొదలుపెట్టాలి?

పెరంబూరు_పాఠకుడు
శనివారం సాయంత్రాలు మా ఇంటి మేడమీద కొంతమంది తెలుగు యువతీయువకులతో బైబిలు అధ్యయనం జరుపుతున్నాను. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపునుంచి చదువుకో ఉద్యోగానికో చెన్నై వచ్చినవాళ్లు వీళ్లంతా. వాళ్లలో ఒక అబ్బాయిని అతని ఆఫీసులో తోటి ఉద్యోగి, "నేనే దేవుణ్ని, నన్ను ఆరాధించండి అని యేసు చెప్పిన వచనం ఒక్కటి చూపించు" అని అడిగాడట. దాన్నే ఆ వారం చర్చకు పెట్టుకున్నాం. ఒకరు యోహాను 10:30 ("నేనును తండ్రియును ఏకమై యున్నాము") చదివారు, వెంటనే ఇంకొకరు యోహాను 14:28 ("తండ్రి నాకంటె గొప్పవాడు") చదివారు. సర్వమూ యేసునందు సృష్టించబడిందని చెప్పే కొలొస్సయులకు 1:16 ఒకరు తీస్తే, దానికి ఒక్క వచనం ముందున్న "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అన్న మాటకు అర్థమేమిటని మరొకరు అడిగారు. కూటం ముగిసేసరికి అందరి దగ్గరా వచనాలు మిగిలాయి గాని ఎవరికీ స్పష్టత రాలేదు.

నా విశ్వాసంలో సందేహం లేదు. అయితే పిల్లలకు వచనాల పట్టీ ఇచ్చి పంపడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అవతలివాళ్ల దగ్గర కూడా అలాంటి పట్టీయే ఉంటుంది. యేసు ఎవరన్న విషయాన్ని లేఖనం తనంతట తాను ఎలా చూపిస్తుందో ఆ దారిలోనే చదివించాలని ఉంది. ఏ గ్రంథంతో మొదలుపెట్టాలి? ఏ వరుసలో వెళ్లాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విల్లివాక్కం_టీచరమ్మ
యోహాను మొదటి అధ్యాయం ఉండగా వేరే దారి ఎందుకండీ? "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను." సండే స్కూలు పిల్లలకు నేను ముందు ఇదే కంఠస్థం చేయిస్తాను. పధ్నాలుగో వచనంలో ఆ వాక్యమే శరీరధారి అయ్యాడని ఉంది కదా.

గ్రంథపాఠి_కీల్పాక్
టీచరమ్మగారు చెప్పిన వచనం పునాదిలాంటిదే. అయినా పాఠకుడుగారి గుంపుకు నేను మార్కు సువార్తను సూచిస్తాను. నాలుగు సువార్తల్లో ఇదే మొదట రాసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పైగా "మార్కులో యేసు మనిషి మాత్రమే, యోహానులోనే దేవుడయ్యాడు" అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. కాబట్టి మార్కులోనే చూద్దాం.

రెండో అధ్యాయం తీయండి. కపెర్నహూములో ఇల్లు కిక్కిరిసి ఉంది. నలుగురు మనుషులు ఇంటికప్పు విప్పి, పక్షవాయువుతో ఉన్నవాణ్ని పరుపుతో సహా కిందికి దించారు. అందరూ స్వస్థత కోసం చూస్తూ ఉంటే, యేసు అతనితో ముందుగా అన్న మాట "కుమారుడా, నీ పాపములు క్షమింపబడియున్నవి" అని. అక్కడ కూర్చున్న శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, పైకి ఏమీ అనలేదు, మనసులోనే అనుకున్నారు: దేవుడొక్కడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు? వాళ్ల వేదాంతంలో తప్పేమీ లేదు. యేసు కూడా ఆ సూత్రాన్ని తప్పుపట్టలేదు. వాళ్ల మనసులో ఉన్నదాన్ని తానే బయటపెట్టి, భూమిమీద పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి (తన గురించి ఆయన వాడిన పేరు ఇది) ఉందని వాళ్లు తెలుసుకోవాలని, రోగిని లేచి నడవమన్నాడు.

"నేనే దేవుణ్ని" అన్న మాట ఇక్కడ లేదు. దేవుడొక్కడే చేయగల పనిని ఆయన చేస్తుంటే, దాని అర్థం గ్రహించి అభ్యంతరపడినవాళ్లు మాత్రం ఎదురుగా కూర్చుని ఉన్నారు. మార్కు దారి ఇది. పిల్లలకు ముందు ఈ దారి అలవాటు చేయండి.

సందేహి_ఆవడి
నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను, బైబిలు శ్రద్ధగా చదువుతాను. కాని తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతం లేఖనంనుంచి నేరుగా వస్తుందని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. వాదించడానికి రాలేదు, నిజంగా తేల్చుకోవాలనే రాస్తున్నాను.

పాఠిగారూ, మీరు చెప్పిన సంఘటనే మత్తయి 9లోనూ ఉంది. అక్కడ ఎనిమిదో వచనంలో జనం ఏం చేశారు? మనుష్యులకు ఇలాంటి అధికారం ఇచ్చిన దేవుణ్ని మహిమపరిచారు. అంటే దేవుడు తన అధికారాన్ని ఒక మనిషికి అప్పగించాడని వాళ్లు అర్థం చేసుకున్నారు. నిర్గమకాండము 7:1లో దేవుడు మోషేను ఫరోకు దేవుడిగా నియమించానని అంటాడు. రాజు పంపిన ప్రతినిధి రాజు మాటే మాట్లాడతాడు, రాజు గౌరవాన్నే అందుకుంటాడు, అయినా అతడు రాజు కాడు. యేసును అలాంటి ప్రతినిధిగా చదివితే మార్కు 2లో ఏది అడ్డు వస్తుంది?

గుంటూరు_లూథరన్
చిన్నప్పుడు మా సంఘంలో లూథరుగారి ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించేవారు. తండ్రివలన అనాదిగా జనించిన నిజదేవుడు, కన్య మరియకు పుట్టిన నిజమనుష్యుడు అయిన యేసుక్రీస్తు నా ప్రభువు అని అందులో ఉంటుంది. అప్పట్లో అర్థం పూర్తిగా తెలియకపోయినా, పెద్దయ్యాక ఏ సువార్త చదువుతున్నా ఆ రెండు మాటలూ పక్కపక్కనే నిలబడతాయి. సందేహిగారి ప్రశ్నకు జవాబు వినాలని నాకూ ఆసక్తిగా ఉంది.

గ్రంథపాఠి_కీల్పాక్
సందేహిగారు మత్తయి 9:8 ఎత్తిచూపడం న్యాయమే. మార్కు 2 ఒక్కటే ఉంటే ప్రతినిధి అన్న వివరణకు చోటుంది. అందుకే ఆ ఒక్క అధ్యాయం దగ్గర ఆగకుండా ముందుకు చదవాలి, పక్కన పాత నిబంధన తెరిచి ఉంచుకోవాలి.

మార్కు 1:3 యెషయా 40ని ఎత్తి చెబుతుంది. యెషయాలో అరణ్యంలో మార్గం సిద్ధపడేది యెహోవాకు. మార్కులో ఆ దారిన నడిచివచ్చినవాడు యేసు. నాలుగో అధ్యాయంలో తుపాను. యేసు గాలిని గద్దించి సముద్రాన్ని నిశ్శబ్దపరుస్తాడు, శిష్యులు "ఈయన ఎవరో" అని భయపడతారు. 107వ కీర్తన 23నుంచి 30వరకు చదివితే ఓడలో ఉన్నవాళ్ల మొర విని తుపానును ఆపేది యెహోవా. యేసు ప్రార్థన చేసి దేవునిచేత ఆపించలేదు, తానే ఆజ్ఞాపించాడు. మోషే ఎర్రసముద్రం దగ్గర చేసినదానికీ దీనికీ తేడా అక్కడుంది. మోషే చెయ్యి చాపాడు, సముద్రాన్ని తొలగించింది యెహోవా అని నిర్గమకాండమే చెబుతుంది. ఇక ఆరో అధ్యాయంలో యేసు నీళ్లమీద నడుస్తాడు. యోబు 9:8లో సముద్ర తరంగాలమీద నడిచేవాడు దేవుడొక్కడే.

చివరికి 14వ అధ్యాయంలో యూదుల మహాసభ ఎదుట ప్రధానయాజకుడు సూటిగా అడిగినప్పుడు, యేసు 110వ కీర్తననూ దానియేలు 7నూ కలిపి తనకు అన్వయించుకున్నాడు: సర్వశక్తుని కుడిపార్శ్వాన కూర్చుంటాడు, మేఘాలమీద వస్తాడు. ప్రధానయాజకుడు వస్త్రాలు చింపుకున్నాడు. వాళ్లు తీర్చిన నేరం దేవదూషణ. ప్రతినిధినని చెప్పుకున్న ప్రవక్తమీద అబద్ధ ప్రవక్త అన్న నేరం వేసేవారు.

చరిత్ర_అభిమాని
కాలక్రమం ముఖ్యమనుకుంటే సువార్తలకంటే ముందు పౌలు పత్రికలు ఉన్నాయి. మొదటి కొరింథీ పత్రిక సుమారు 53-55 మధ్య రాసినది, అంటే సిలువ జరిగి పాతికేళ్లయినా నిండని కాలం. అందులో 8:6 చదవండి. యూదులు ప్రతిదినం ఉదయం, సాయంత్రం పలికే ప్రార్థన ద్వితీయోపదేశకాండము 6:4: మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా. పౌలు విగ్రహాల ఎదుట పెట్టిన ఆహారం గురించి మాట్లాడుతూ, దేవుడొక్కడే అన్న ఆ ఒప్పుకోలునే తీసుకుని, ఒకే దేవుడు తండ్రి, ఒకే ప్రభువు యేసుక్రీస్తు అని ఇద్దరినీ అందులో ఉంచాడు. "సమస్తమును ఆయనద్వారా కలిగెను" అని కూడా చేర్చాడు. యెషయా 44:24లో సృష్టి చేసినప్పుడు తన పక్కన ఎవరూ లేరని యెహోవా చెప్పాడని గుర్తుంచుకుంటే ఆ చేర్పు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆ కాలపు యూదులు దేవుణ్ని మిగతా అందరినుంచి వేరుచేసి గుర్తించింది ముఖ్యంగా రెండు విషయాల్లో అని రిచర్డ్ బాక్‌హామ్ అనే బ్రిటిష్ పండితుడు వాదిస్తారు: సృష్టికర్త ఆయనొక్కడే, సమస్తాన్నీ ఏలేవాడు ఆయనొక్కడే. దేవదూతలు ఎంత గొప్పవాళ్లయినా ఆయన ఎదుట నిలబడి సేవచేసేవాళ్లే, ఆయన సింహాసనంమీద కూర్చునేవాళ్లు కారు. కొత్త నిబంధన ఆ రెండింటిలోనూ యేసును ఉంచుతుంది. పాఠకుడుగారూ, మీ పిల్లలు వచనాలు వెతికేటప్పుడు ఈ రెండు ప్రశ్నలు చేతిలో పెట్టండి: ఇక్కడ యేసు సృష్టికి ఏ వైపున ఉన్నాడు? సింహాసనానికి ఏ వైపున ఉన్నాడు?

నైట్‌డ్యూటీ_నర్సు
మా వార్డులో ఒక డాక్టరుగారు అడిగారు: యేసును దేవుడిగా చేసింది రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిచిన సభలో ఓట్లు వేసి కదా అని. నాకు జవాబు తెలియక ఊరుకున్నాను. అది నిజమేనా అన్నయ్యా?

చరిత్ర_అభిమాని
కాదు చెల్లీ. నైసియా సభ 325లో జరిగింది, చక్రవర్తి పిలిచింది కూడా నిజమే. అయితే అక్కడి వివాదం వేరు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే ఉన్నతంగా సృష్టించబడ్డాడనీ, కుమారుడు లేని సమయం ఒకటుందనీ బోధించాడు. క్రీస్తు సామాన్య మానవుడని ఆ సభలో ఏ పక్షమూ అనలేదు. ఆయన సృష్టించబడ్డాడా, లేక తండ్రితో ఏకతత్త్వం కలవాడా అన్నదే ప్రశ్న. చివరికి అరియస్ పక్షాన నిలబడి సంతకం నిరాకరించిన బిషప్పులు ఇద్దరే. పోనీ చక్రవర్తుల బలంతోనే ఆ తీర్మానం నిలిచిందా అంటే, తరువాతి దశాబ్దాల్లో రాజ్యాధికారం చాలాకాలం అవతలి పక్షం వైపే ఉంది. నైసియా విశ్వాసాన్ని పట్టుకున్న అతనాసియస్‌ను ఐదుసార్లు దేశబహిష్కారం చేశారు.

దానికి రెండు వందల ఏళ్ల ముందే, సుమారు 112లో, బితునియ ప్రాంతపు రోమా అధికారి ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, దేవునికి పాడినట్టు క్రీస్తుకు కీర్తన పాడుతున్నారని వాళ్లను విచారించి తెలుసుకున్నాడు. ఇజ్రాయేలులో మెగిద్దో దగ్గర 2005లో జైలు ఆవరణలో తవ్వుతుంటే ఒక ప్రార్థనా స్థలపు నేల బయటపడింది. రంగురాళ్ల అమరికలో గ్రీకు అక్షరాలు. అకెప్తూస్ అనే స్త్రీ ఆ బల్లను "దేవుడైన యేసుక్రీస్తుకు" జ్ఞాపకార్థంగా సమర్పించిందని ఉంది. దాని కాలం సుమారు 230 అని పురావస్తు నిపుణులు నిర్ణయించారు. నైసియాకు దాదాపు వందేళ్ల ముందు. ఇది ఆ డాక్టరుగారికి చెప్పండి, ఆయన ఆసక్తిగా వింటారు.

సందేహి_ఆవడి
చరిత్ర విషయంలో మీతో ఏకీభవిస్తాను. నైసియా యేసుకు దైవత్వాన్ని కనిపెట్టి ఇవ్వలేదు. అయితే నా ప్రశ్న లేఖనం గురించి. యేసుకు అనుకూలంగా ఉన్నవన్నీ చదివి, ఇవతలివి వదిలేస్తే అధ్యయనం అనిపించుకోదు. మార్కు 13:32లో ఆ దినం (ఆయన తిరిగి వచ్చే దినం) గురించి కుమారుడికి కూడా తెలియదు. మార్కు 10:18లో "నన్ను సత్పురుషుడని ఎందుకంటావు, దేవుడొక్కడే తప్ప సత్పురుషుడెవడూ లేడు" అన్నట్టు జవాబిచ్చాడు. యోహాను 17:3లో తండ్రిని అద్వితీయ సత్యదేవుడని సంబోధించాడు. మొదటి కొరింథీ 15:28లో చివరికి కుమారుడు తండ్రికి లోబడతాడు. మీ పాఠ్యక్రమంలో ఇవి ఉంటాయా?

పెరంబూరు_పాఠకుడు
తప్పకుండా ఉంటాయి. వీటిని మనం చదివించకపోతే పిల్లలకు వీటిని ఎదుటివాళ్లు చదివిస్తారు, అప్పుడు మనం ఏదో దాచామనుకుంటారు. మా గుంపులో ఎక్కువగా ఇబ్బందిపెట్టింది మార్కు 13:32. దీన్ని కొంచెం వివరంగా రాయగలరా ఎవరైనా?

అంబత్తూరు_ఆంధ్రుడు
నాకు తెలిసినంత రాస్తాను. ముందు ఆ వచనంలో ఎక్కుతూ వెళ్లే వరుస గమనించండి: మనుషులు, పరలోకంలోని దూతలు, కుమారుడు, తండ్రి. కుమారుణ్ని దూతలకు పైన, తండ్రికి పక్కన ఉంచిన తరువాతే "తెలియదు" అన్న మాట వచ్చింది. కాబట్టి ఈ వచనం ఆయన్ని మామూలు మనిషిగా చూపించడంలేదు. అయినా తెలియకపోవడం తెలియకపోవడమే, దాన్ని తేలిక చేయకూడదు.

లూకా 2:52లో బాలుడైన యేసు జ్ఞానంలోనూ వయస్సులోనూ ఎదిగాడని ఉంది. ఆకలి వేసింది, అలసి బావి దగ్గర కూర్చున్నాడు, పడవలో నిద్రపోయాడు. పైన పాఠిగారు చెప్పిన తుపాను కథలోనే చూడండి, తలగడమీద నిద్రపోతున్నవాడూ సముద్రాన్ని గద్దించినవాడూ ఒక్కడే, మధ్యలో గడిచింది కాసేపే. సంఘం 451లో కల్కెదోను సభలో "నిజ దేవుడు, నిజ మానవుడు, ఒకే వ్యక్తి" అని నిర్వచించింది ఇలాంటి వృత్తాంతాలు ఎదురుగా పెట్టుకునే. దేవుడిగా నటించిన మనిషి అనో, మనిషి వేషం వేసుకున్న దేవుడనో తేల్చేస్తే చిక్కు తీరిపోతుంది గాని, సువార్తలో సగం చింపివేయాల్సి వస్తుంది. ఫిలిప్పీ 2లో ఆయన తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడని ఉంది. తెలియకపోవడం ఆ తగ్గింపులో భాగమని నేను చదువుతాను.

మార్కు 10:18 విషయంలో నాకు తోచింది ఇది. యేసు "నేను మంచివాణ్ని కాను" అనలేదు. ఆ యువకుడు మర్యాదకోసం వాడిన మాటను ఎంత బరువుతో వాడుతున్నాడో ఆలోచించుకోమన్నాడు. పైగా దేవుని ఆజ్ఞలన్నీ పాటించానన్నవాడికి ఇంకా కొదువగా ఉన్నదేమిటని చెప్పాడు? ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి నన్ను వెంబడించు అని. తనను దేవునితో సంబంధం లేనివాడిగా చెప్పుకున్నవాడు అనే మాట కాదు అది.

విల్లివాక్కం_టీచరమ్మ
ఆంధ్రుడుగారి జవాబు బాగుంది. నేను ఇంకొక విషయం కలుపుతాను. ఎవరైనా కాళ్లమీద పడితే దైవజనులు ఏం చేశారో చూడండి. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలి పేతురు పాదాలమీద పడితే "లెమ్ము, నేను కూడా నరుడనే" అని లేవనెత్తాడు. 14లో లుస్త్రలో జనం పౌలును, బర్నబాను దేవతలనుకుని ఎడ్లను, పూలదండలను తెస్తే వాళ్లు బట్టలు చింపుకుని గుంపులోకి దూకారు. ప్రకటన 19లోనూ 22లోనూ యోహాను దూత పాదాలమీద పడబోతే దూత వారించి దేవునికే నమస్కరించమన్నాడు. మత్తయి 14లో పడవలో ఉన్నవాళ్లు, 28లో కొండమీద పదకొండుమంది యేసుకు మొక్కారు. ఆయన ఒక్కసారైనా వద్దనలేదు. నా క్లాసులో ఈ సంఘటనలను పిల్లలతో వరుసగా చదివించి, ఎవరు వద్దన్నారు, ఎవరు వద్దనలేదు అని బోర్డుమీద రెండు వరుసల్లో రాయించాను. వద్దననివాళ్ల వరుసలో ఒక్క పేరే మిగిలింది. ఒక పాప లేచి "మరి యేసయ్య ఎందుకు వద్దనలేదు మేడమ్?" అని తానే అడిగింది. నేను అడగాల్సిన ప్రశ్న పాప అడిగేసింది.

సందేహి_ఆవడి
టీచరమ్మగారూ, మొదటి దినవృత్తాంతములు 29:20లో సమాజమంతా యెహోవా ఎదుటా రాజు ఎదుటా తలవంచి నమస్కరించారు. దావీదు వాళ్లను వద్దనలేదు. అంటే సాగిలపడటమన్నది ఎప్పుడూ ఆరాధనే కానక్కర్లేదు. తొలి క్రైస్తవులు యేసును ఆరాధించారా అన్న ప్రశ్నకు జేమ్స్ డన్ వంటి పండితుడే సూటిగా అవునని చెప్పడానికి వెనుకాడారు.

గ్రంథపాఠి_కీల్పాక్
మీరు చెప్పింది నిజమే, సాగిలపడటం ఒక్కటే చాలదు. కొండమీద శిష్యులు చేసినది రాజుకు చేసే నమస్కారమా ఆరాధనా అని విడిగా అడిగితే వాదన తెగదు. అందుకే ఏ సందర్భంలో, ఎవరి పక్కన, ఏ మాటలతో అన్నది చూడాలి. ప్రకటన 5 తీయండి. స్థలం పరలోకం. చుట్టూ జీవులు, పెద్దలు, లెక్కకు అందని దూతలు. పదమూడో వచనంలో పరలోకంలోనూ భూమిమీదా భూమికిందా సముద్రంలోనూ ఉన్న ప్రతి సృష్టమూ స్తోత్రం చేస్తోంది. ఎవరికి? సింహాసనాసీనుడికీ గొర్రెపిల్లకూ (అంటే యేసుకూ) కలిపి, ఒకే స్తోత్రం, ఒకే మాటలు, యుగయుగములు. సృష్టమంతా ఇవతల నిలబడి పాడుతుంటే గొర్రెపిల్ల అవతల ఉన్నాడు. దావీదుకు ఆనాడు జరిగిన నమస్కారంతో దీన్ని పోల్చలేం. దూతకు నమస్కరించబోతే వారించిన గ్రంథం కూడా ఇదేనని మరచిపోకండి.

యెషయా 45:23లో ప్రతి మోకాలూ నా ఎదుట వంగుతుందని యెహోవా తన తోడని ప్రమాణం చేశాడు. విగ్రహాలను ఖండిస్తూ, నేను తప్ప వేరొక దేవుడు లేడని పదేపదే చెప్పే అధ్యాయం అది. ఫిలిప్పీ 2:10లో పౌలు ఆ వచనాన్నే యేసు నామానికి అన్వయించాడు. అంతటితో ఆగక, అది తండ్రియైన దేవుని మహిమార్థమై అన్నాడు. అంటే యేసుకు మొక్కితే తండ్రి మహిమ తగ్గడంలేదు.

మైలాపూరు_నివాసి
మనం చెన్నైలో ఉండి ఈ విషయం మాట్లాడుకుంటూ యేసు శిష్యుడైన తోమాను తలచుకోకపోతే ఎలా? నేను సాంతోమ్ గుడికి నడిచి వెళ్లగల దూరంలోనే ఉంటాను. ఆయన పరంగిమలై దగ్గర హతసాక్షి అయ్యాడన్నది ఇక్కడి క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకునే సంప్రదాయం. ఆ కొండమీద 1547లో దొరికిన, పహ్లవీ (ప్రాచీన పారశీక) అక్షరాలు చెక్కిన రాతి సిలువను ఇప్పటికీ బలిపీఠం వెనుక చూడవచ్చు.

అయితే నేను చెప్పదలచింది యోహాను 20 గురించి. నాలుగు సువార్తల్లోనూ యేసును సూటిగా "నా దేవా" అని సంబోధించినవాడు తోమా ఒక్కడే. పదిమంది చెప్పినా నమ్మనన్నవాడు, మేకుల గురుతులో వేలు పెడితేనే నమ్ముతానన్నవాడు. ఎనిమిది దినాల తరువాత యేసు అతని ఎదుట నిలిచి ఆ చేతులే చూపించాడు. అప్పుడు "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. అది ఆశ్చర్యంతో నోటివెంట జారిన మాట అని కొందరు అంటారు. కాని తోమా "ఆయనతో" అన్నాడని సువార్త స్పష్టంగా రాసింది. యేసు గద్దించలేదు. చూడకుండానే నమ్మేవాళ్లు ధన్యులని, రాబోయేవాళ్లకు కూడా ఆ నమ్మికనే ముందుపెట్టాడు. మొదటి అధ్యాయంలో వాక్యం దేవుడై యుండెనని మొదలైన సువార్త, ఒక మనిషి నోట ఆ మాట పలికించేదాకా వచ్చింది.

గుంటూరు_లూథరన్
గాయాలు చూసి "నా దేవా" అనడం ఎంత గొప్ప విషయమో! మహిమ చూసి అన్నాడంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు.

నైట్‌డ్యూటీ_నర్సు
లూథరన్‌గారి మాటకు నా అనుభవం ఒకటి చేరుస్తాను. మా నాన్నగారు చివరి రోజుల్లో చాలా నొప్పి పడ్డారు. నేను నర్సునై ఉండీ మందుకు మించి ఏమీ చేయలేకపోయాను. దేవుడు పరలోకంలో సురక్షితంగా ఉండి, మన బదులు బాధపడటానికి ఇంకొకర్ని పంపాడన్న ఆలోచన ఆ రోజుల్లో నన్ను చాలా కలచివేసింది. అప్పుడు మా అత్తయ్య నాతో ఫిలిప్పీ 2 చదివించింది. దేవుని స్వరూపం కలిగినవాడే సిలువ మరణం పొందేంతగా తగ్గించుకున్నాడని చదివినప్పుడు, సిలువమీద ఉన్నవాడు దేవునికి బయటివాడు కాడని అర్థమైంది. యేసు దేవుడా అన్నది నాకు పరీక్షలో రాసే జవాబు కాదు. ఆయన దేవుడు కాకపోతే, దేవుడు నా నొప్పిని దూరంనుంచి చూశాడనే అర్థం.

అంబత్తూరు_ఆంధ్రుడు
చెల్లెమ్మ రాసినది ఈ చర్చలో అందరికంటే లోతుగా ఉంది. పౌలు కూడా అదే వరుసలో రాశాడు. ముందు దేవుని స్వరూపం, తరువాత దాసుని స్వరూపం, సిలువ, "అందుచేత" అన్నిటికంటే పైనున్న నామం.

చరిత్ర_అభిమాని
పాఠకుడుగారికి ఒక జాగ్రత్త. మొదటి యోహాను 5:7లో పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్లు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో ఉంటుంది. మీ పిల్లలు ఫోన్లలో ఆ అనువాదం చదువుతుంటే దాన్నే ముందుగా చూపించబోతారు. తొలి గ్రీకు చేతిప్రతుల్లో ఆ మాటలు లేవు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ తన 1516, 1519 ముద్రణల్లో వాటిని వదిలేసి, ఒత్తిడి వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. బలహీనమైన వచనం మీద నిలబడితే బలమైనవి కూడా అనుమానానికి గురవుతాయి. ఆ వచనం లేకపోయినా పైన మనం చదివినదాంట్లో ఒక్కటీ కదలదు.

పెరంబూరు_పాఠకుడు
ఇది చాలా అవసరమైన హెచ్చరిక. మార్కు, తరువాత మొదటి కొరింథీ 8, ఫిలిప్పీ 2, ఆ తరువాత యోహాను, చివర ప్రకటన 5 అనే వరుస ఖాయం చేసుకుంటున్నాను. సందేహిగారు చెప్పిన వచనాలకు మధ్యలో ఒక వారం పూర్తిగా కేటాయిస్తాను. హెబ్రీ పత్రికను ఎక్కడ పెట్టాలో తేలలేదు.

సందేహి_ఆవడి
హెబ్రీ మొదటి అధ్యాయాన్ని వదలకండి. నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అదే. 102వ కీర్తనలో కష్టంలో ఉన్న ఒక మనిషి యెహోవాకు మొరపెడతాడు. ఆదియందు నీవు భూమికి పునాది వేశావు, ఆకాశాలు నీ చేతిపనులు, అవి వస్త్రంలా పాతబడతాయి, నీవు మాత్రం ఏకరీతిగా ఉంటావు అంటాడు. హెబ్రీ 1:10-12లో ఆ మాటలు వస్తాయి. అవి కుమారుణ్ని ఉద్దేశించినవైతే ప్రతినిధి అన్న నా వివరణ అక్కడ చాలదు, ఎందుకంటే సృష్టికి పునాది వేసినవాడు ప్రతినిధి కాలేడు. అయితే అక్కడ రచయిత మధ్యలో తండ్రివైపు తిరిగి స్తుతిస్తున్నాడని చదవవచ్చా? అదీగాక నాలుగో వచనంలో ఆయన దూతలకంటే శ్రేష్ఠమైన నామం "పొందాడు" అని ఉంది. అనాదినుంచి దేవుడైనవాడు కొత్తగా పొందడానికి ఏముంటుంది?

గ్రంథపాఠి_కీల్పాక్
ముందుగా పదో వచనం. ఏడో వచనంలో "తన దూతలను గూర్చి" దేవుడు చెప్పినది. ఎనిమిదిలో "కుమారునిగూర్చియైతే" అని మొదలవుతుంది, పదిలో "మరియు" అని అదే కొనసాగుతుంది, పదమూడులో మళ్లీ దూతలలో ఎవనితోనైనా ఇలా అన్నాడా అని పోలికకు తిరిగి వస్తుంది. మధ్యలో తండ్రివైపు తిరిగాడనుకుంటే ఆ పోలిక తెగిపోతుంది. దూతలు మారేవాళ్లు, కుమారుడు మారనివాడు అని చూపించడానికే 102వ కీర్తన అక్కడ ఉంది.

నాలుగో వచనానికి జవాబు ఆ అధ్యాయంలోనే వెతికితే సగమే దొరుకుతుంది. మూడో వచనంలో ఆయన దేవుని మహిమయొక్క తేజస్సు, సమస్తాన్నీ తన మాటచేత నిర్వహించేవాడు, పాపాల శుద్ధీకరణ చేసి కుడిపార్శ్వాన కూర్చున్నవాడు. ఆ శుద్ధీకరణ ఎలా జరిగిందో రెండో అధ్యాయం తొమ్మిదో వచనం చెబుతుంది: దూతలకంటే కొంచెం తక్కువవాడిగా చేయబడి, ప్రతి మనిషికోసం మరణాన్ని రుచిచూశాడు. దూతలకంటే తక్కువగా దిగివచ్చినవాడు మళ్లీ వాళ్లకంటే పైకి హెచ్చించబడటమే నాలుగో వచనంలోని "పొందాడు". కాబట్టి హెబ్రీ ఒకటో అధ్యాయాన్ని రెండో అధ్యాయంతో కలిపి ఒకే వారం పెట్టండి, పాఠకుడుగారూ. ఫిలిప్పీ 2 అయిన మరుసటి వారమే పెడితే రెండూ ఒకదానికొకటి వివరణ ఇస్తాయి.

సందేహి_ఆవడి
రెండో అధ్యాయంతో కలిపి చదవమన్న సూచన నాకు నచ్చింది. యోహాను 17:3 గురించిన నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఆ వారం మీ మేడమీదికి నేనూ రావచ్చా?

పెరంబూరు_పాఠకుడు
తప్పకుండా రండి. యోహాను 17:3తో పాటు 17:5 కూడా చదువుకుని రండి. లోకం పుట్టకముందు తండ్రివద్ద తనకు ఉండిన మహిమ గురించి ఆ ప్రార్థనలోనే అడిగాడు. రెండూ కలిపి కూర్చుని చూద్దాం. చిరునామా విడిగా పంపుతాను.